తీవ్ర వ్యాయామంతో పేగుల్లోని మంచి బ్యాక్టీరియా నశిస్తుందా?

ప్రశ్న: నా వయసు 24 ఏళ్లు. దీర్ఘకాలిక జబ్బులేవీ లేవు. మూడు నెలలుగా వారానికి నాలుగు రోజులు బాగా ఆయాసం వచ్చేలా ఇంటర్వెల్ వ్యాయామాలు (కాసేపు గట్టిగా, కాసేపు నెమ్మదిగా) చేస్తున్నాను, ఆదివారం రెండు గంటలకు పైగా పరుగెత్తుతున్నాను. ఎక్కువ శ్రమపడిన రోజున కడుపులో మెలిపెట్టినట్టు ఉంటోంది, ఉబ్బరంగా ఉంటోంది, అప్పుడప్పుడు నీళ్ల విరేచనాలు అవుతున్నాయి. తీవ్ర వ్యాయామం పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను చంపేస్తుందని ఎక్కడో చదివి, మలం నమూనాతో చేసే బ్యాక్టీరియా పరీక్ష చేయించుకున్నాను. విరేచనాలు అయిన రోజునే నమూనా ఇచ్చాను. ‘వైవిధ్యం తక్కువగా ఉంది’ అని రిపోర్టు వచ్చింది. రోజూ రెండుసార్లు ప్రొటీన్ పొడి, మధ్యలో ప్రొటీన్ బార్లు తీసుకుంటాను. పరుగుకు ముందు ఒళ్లునొప్పులు రాకుండా ఐబుప్రొఫెన్ మాత్ర వేసుకుంటాను. వ్యాయామం మానేయాలా? మేలు చేసే బ్యాక్టీరియా ఉండే ప్రొబయాటిక్ క్యాప్సూల్స్ వాడాలా?
ఒక పాఠకురాలు

జవాబు: వ్యాయామం మానాల్సిన అవసరం లేదు. ఆరోగ్యంగా ఉన్న యువతలో తీవ్ర వ్యాయామం పేగుల్లోని మేలు చేసే బ్యాక్టీరియాను తుడిచిపెడుతుందనడానికి ఆధారం లేదు. ఇప్పటివరకు జరిగిన అధ్యయనాల్లో కొన్నింటిలో చిన్నపాటి మార్పు కనిపించింది, అదీ చాలావరకు మేలు వైపే. మరికొన్నింటిలో చెప్పుకోదగ్గ మార్పేదీ కనిపించలేదు. అలాగని మీ కడుపు బాధ ఊహ కాదు. శ్రమపడుతున్న గంటలో పేగు గోడకు జరిగేది ఒకటి, వారాలు, నెలలు గడిచేకొద్దీ బ్యాక్టీరియాలో వచ్చేది మరొకటి. మీ ప్రశ్నలో ఈ రెండూ కలిసిపోయాయి. మీ బాధకు కారణం మొదటిదానిలోనూ, మీరు తీసుకుంటున్న పొడులు, బార్లు, మాత్రలలోనూ ఉందని నేను భావిస్తున్నాను.

ముందుగా ఆ గంటలో ఏం జరుగుతుందో చూద్దాం. విశ్రాంతిగా ఉన్నప్పుడు గుండె పంపే రక్తంలో సుమారు నాలుగో వంతు జీర్ణావయవాలకు చేరుతుంది. గట్టిగా పరుగెత్తడం మొదలుపెట్టగానే కాళ్ల కండరాలకు, వేడిని బయటికి పంపే చర్మానికి రక్తం ఎక్కువగా కావాలి కనుక పేగుల రక్తనాళాలు కుంచించుకుంటాయి. శ్రమ తీవ్రతను బట్టి పేగులకు చేరే రక్తం 80 శాతం వరకూ తగ్గవచ్చు. చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలాంటి సన్నని మొలకలు లక్షల సంఖ్యలో ఉంటాయి. ప్రాణవాయువు తగ్గినప్పుడు ముందుగా దెబ్బతినేవి ఆ మొలకల కొనల్లోని కణాలే. కణానికీ కణానికీ మధ్య ఉండే బిగువైన అతుకులు కాస్త వదులై, పేగులోనే ఉండాల్సిన బ్యాక్టీరియా పదార్థాలు కొద్దిమేర రక్తంలోకి జారతాయి. మెలిపెట్టడం, వికారం, హడావుడిగా విరేచనానికి వెళ్లాల్సి రావడం వంటివాటికి ఇదొక ముఖ్య కారణం. దీనికి పరుగులో కలిగే కుదుపు, ఒంట్లో నీరు తగ్గడం, వేడి కూడా తోడవుతాయి. శరీరం లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ఈ ఇబ్బంది మరింత పెరుగుతుంది.

ఆరోగ్యవంతుల్లో ఈ దెబ్బ ఎక్కువసేపు నిలవదు. శ్రమ ఆగి రక్తప్రసరణ తిరిగి సర్దుకున్న కొన్ని గంటల్లోనే పేగు గోడ కోలుకోవడం మొదలవుతుంది. పైగా ఆ లోపలి పొర కణాలు మామూలుగానే మూడు నుంచి ఐదు రోజులకోసారి పూర్తిగా కొత్తవిగా మారిపోతుంటాయి. సాధారణంగా రెండు గంటలు, అంతకు మించి ఏకబిగిన సాగే శ్రమలోనే ఈ ప్రభావం స్పష్టంగా కనబడుతుంది. అందువల్ల మీ విషయంలో నేను ముందుగా అనుమానించేది ఇంటర్వెల్ వ్యాయామాలను కాదు, ఆదివారం పరుగును.

ఆ పరుగుకు ముందు వేసుకునే ఐబుప్రొఫెన్‌ను మాత్రం ఈ రోజే ఆపేయమని గట్టిగా చెబుతున్నాను. రక్తప్రసరణ తగ్గినప్పుడు పేగు గోడను కాపాడే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాల తయారీనే ఈ మాత్ర అడ్డుకుంటుంది. నెదర్లాండ్స్‌లో ఆరోగ్యవంతులైన శిక్షణ పొందిన పురుషులపై చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కేవలం సైకిల్ తొక్కినప్పటికన్నా ఐబుప్రొఫెన్ వేసుకుని తొక్కినప్పుడు చిన్నపేగుకు జరిగిన గాయం ఎక్కువగా తేలింది. ఒంట్లో నీరు తగ్గిన స్థితిలో ఇది మూత్రపిండాలకు కూడా మంచిది కాదు. రాని నొప్పికి ముందుగానే నొప్పి మాత్ర వేసుకునే అలవాటు క్రీడాకారుల్లో చాలా ఎక్కువగా ఉంది, అది నన్ను నిజంగా కలవరపెడుతుంది.

ఇక బ్యాక్టీరియా సంగతి. మన శరీరంలో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటుందని అంచనా. అందులో అత్యధికం పెద్దపేగులోనే నివసిస్తుంది. మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని అది పులియబెట్టి బ్యూటిరేట్ వంటి కొవ్వు ఆమ్లాలను తయారుచేస్తుంది. పెద్దపేగు గోడ కణాలకు ప్రధానమైన ఇంధనం ఈ బ్యూటిరేటే. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటివరకు వ్యాయామం అలవాటు లేని 32 మందితో ఆరు వారాల పాటు, వారానికి మూడు రోజులు, ఒక మోస్తరు నుంచి తీవ్ర స్థాయి వరకు పెంచుకుంటూ వ్యాయామం చేయించారు. ఆహారాన్ని మార్చకపోయినా, సన్నగా ఉన్నవారిలో బ్యూటిరేట్‌ను తయారుచేసే బ్యాక్టీరియా, దానితోపాటు మలంలో ఆ ఆమ్లాల మోతాదు పెరిగాయి. ఊబకాయం ఉన్నవారిలో ఆ పెరుగుదల అంతగా కనిపించలేదు. తరువాత ఆరు వారాలు వ్యాయామం మాన్పిస్తే ఆ మార్పులు చాలావరకు వెనక్కి పోయాయి. అంటే వ్యాయామంతో వచ్చే మేలు, వ్యాయామం కొనసాగినంత కాలమే నిలుస్తుంది.

దీనికి భిన్నమైన ఫలితమూ ఉంది, దాన్ని దాచడం సరికాదు. న్యూజిలాండ్ పరిశోధకులు సన్నగా ఉన్న పురుషులతోనూ, అధిక బరువున్న పురుషులతోనూ మూడు వారాలు తీవ్ర ఇంటర్వెల్ వ్యాయామం చేయించి 2020లో ఫలితాలు ప్రకటించారు. వారి దేహదారుఢ్యం మెరుగుపడింది కానీ పేగు బ్యాక్టీరియా వైవిధ్యంలో, కూర్పులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మూడు వారాల వ్యవధి తక్కువ కావడం ఇందుకు ఒక కారణం కావచ్చు. ఏదేమైనా తీవ్ర వ్యాయామం చేసిన ఆ పురుషుల్లోనూ మంచి బ్యాక్టీరియా నశించలేదన్నది మీరు గమనించాల్సిన విషయం.

తరచుగా ఉదహరించే మరో పరిశోధన ఐర్లాండ్ రగ్బీ ఆటగాళ్లది. 2014లో వెలువడిన ఆ అధ్యయనంలో, 40 మంది వృత్తి క్రీడాకారుల పేగుల్లో సాధారణ వ్యక్తులకన్నా ఎక్కువ రకాల బ్యాక్టీరియా కనిపించింది. అయితే వారి ఆహారం కూడా మామూలు వారి ఆహారానికి చాలా భిన్నంగా ఉంది, మాంసకృత్తులు ఎంతో ఎక్కువ. కాబట్టి ఆ ఘనత వ్యాయామానిదా, భోజనానిదా అన్నది ఆ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. బోస్టన్ మారథాన్ పరుగువీరులపై చేసి 2019లో ప్రచురించిన పరిశోధన మరింత ఆసక్తికరం. పరుగు తర్వాత వారి మలంలో వీలోనెల్లా అనే బ్యాక్టీరియా పెరిగింది. కండరాలు శ్రమించినప్పుడు రక్తంలో పేరుకునే లాక్టేట్ ఈ బ్యాక్టీరియాకు ఆహారం. దాన్ని తిని ఇది బ్యూటిరేట్ లాంటిదే అయిన ప్రొపియోనేట్ అనే కొవ్వు ఆమ్లంగా మారుస్తుంది. ఒక పరుగువీరుడి నుంచి తీసిన వీలోనెల్లాను ఎలుకలకు ఇస్తే అవి ట్రెడ్‌మిల్ మీద 13 శాతం ఎక్కువసేపు పరుగెత్తాయి. మనుషులకు దీన్ని మందుగా ఇచ్చేంత దూరం విజ్ఞానం ఇంకా రాలేదు.

చెడు ప్రభావం కనిపించిన సందర్భం లేకపోలేదు. నార్వే సైనికులు నాలుగు రోజుల పాటు బరువులు మోసుకుంటూ మంచు మీద స్కీయింగ్ యాత్ర చేసినప్పుడు వారి పేగు గోడ బిగువు సడలింది, బ్యాక్టీరియా కూర్పూ గణనీయంగా మారింది. అక్కడ ఖర్చయిన శక్తితో పోలిస్తే వారు తిన్నది చాలా తక్కువ. అంత తీవ్రమైన శారీరక ఒత్తిడికీ, మీరు వారానికి ఐదు రోజులు చేసే వ్యాయామానికీ పోలిక లేదు. కానీ అందులో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది: శ్రమకు తగినంత తినకపోవడం పేగుకు మంచిది కాదు. వ్యాయామం మొదలుపెట్టాక మీ నెలసరి క్రమం తప్పినా, ఆగినా అది తిండి చాలడం లేదనడానికి సూచన కావచ్చు కాబట్టి డాక్టర్‌కు తప్పక చెప్పండి.

మీ రిపోర్టు గురించి దిగులుపడకండి. ఒక్క నమూనాతో వచ్చిన వైవిధ్యం అంకెను ఇంత ఉంటే ఆరోగ్యం, ఇంత ఉంటే అనారోగ్యం అని చెప్పే ఆమోదిత ప్రమాణం లేదు. పైగా మలం ఎంత పలుచగా ఉంటే అందులో కనిపించే బ్యాక్టీరియా రకాలు అంత తగ్గుతాయి. పేగులో పదార్థం ఎక్కువసేపు ఆగితే రకాలు ఎక్కువగా కనిపిస్తాయి. మలబద్ధకం ఉన్న వ్యక్తి రిపోర్టు మీకన్నా ‘మెరుగ్గా’ రావడానికి ఈ ఒక్క కారణం చాలు. మీరు విరేచనాలు అయిన రోజునే నమూనా ఇచ్చారు కాబట్టి, ఆ ఫలితం మీ కడుపు ఆ రోజు ఎలా ఉందో చెప్పిందే తప్ప జబ్బును చూపలేదు. ఆ పరీక్ష మళ్లీ చేయించుకోవద్దు.

దానికి బదులు మీరు తినే ప్రొటీన్ బార్ కవర్ వెనుక ముద్రించిన పదార్థాల పట్టికను ఒకసారి చదవండి. మాల్టిటాల్, సార్బిటాల్, జైలిటాల్ వంటి పేర్లు కనిపిస్తే, చక్కెరకు బదులుగా వాడే ఇవి చిన్నపేగులో సరిగా ఇంకవు. అక్కడ నీటిని లాక్కుని పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ పుట్టిస్తుంది. ఉబ్బరం, నీళ్ల విరేచనం రెండూ కలిసి రావడానికి ఇది చాలా సాధారణమైన కారణం. మీ ప్రొటీన్ పొడి పాల నుంచి తీసే వే కాన్సెంట్రేట్ రకమైతే అందులో పాలచక్కెర (లాక్టోజ్) ఉంటుంది; అది పడనివారికి అదే ఇబ్బంది కలుగుతుంది. వ్యాయామానికి ముందు తాగే ఉత్తేజ పానీయాల్లోని కెఫీన్ కూడా పెద్దపేగు కదలికను పెంచుతుంది. ఇంకొక ముఖ్యమైన విషయం, పొడులతో, బార్లతో కడుపు నింపుకునేవారు కూరగాయలు, పప్పుధాన్యాలు, పండ్లు తెలియకుండానే తగ్గించేస్తారు. పీచు అందకపోతే బ్యూటిరేట్ చేసే బ్యాక్టీరియాకు తిండి లేనట్టే. పేగు బ్యాక్టీరియా మీద మీకు నిజంగా శ్రద్ధ ఉంటే, వ్యాయామం కన్నా ముందుగా ఆలోచించాల్సింది దీని గురించే.

రాబోయే రెండు వారాలు బార్లు, ఉత్తేజ పానీయాలు పూర్తిగా మానండి. పొడిని రోజుకు ఒకసారికి తగ్గించండి, లేదా లాక్టోజ్ చాలా తక్కువగా ఉండే ఐసోలేట్ రకానికి మారండి. కఠిన శిక్షణలో ఉన్నవారికి కూడా శరీర బరువులో కిలోకు రోజుకు 1.4 నుంచి 2 గ్రాముల మాంసకృత్తులు సరిపోతాయి, అందులో అధిక భాగం భోజనంలోనే అందుతుంది. పీచు రోజుకు కనీసం 25 గ్రాములు అందేలా చూసుకోండి, అయితే ఒక్కసారిగా కాక వారాల మీద పెంచండి, లేకపోతే గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. పరుగుకు ముందు రెండు మూడు గంటల్లో తినే భోజనంలో మాత్రం పీచు, కొవ్వు తక్కువగా ఉండాలి. ఆదివారం పరుగును మూడు వారాల పాటు గంటంబావుకు తగ్గించి, చల్లని వేళలో చేసి, బాధ లేకపోతే వారానికి పది నిమిషాల చొప్పున పెంచుకోండి. పరుగుకు ముందూ తరువాతా బరువు చూసుకుంటే, రెండు శాతానికి మించి తగ్గిన రోజున నీళ్లు చాలలేదని తెలుస్తుంది.

ప్రొబయాటిక్ క్యాప్సూల్స్‌ను ప్రస్తుతం నేను సూచించను. వాటి ప్రభావం అందులో ఉన్న నిర్దిష్ట రకాన్ని బట్టి మారుతుంది, క్రీడాకారుల కడుపు బాధల మీద వాటి ఫలితాలు ఒకేలా లేవు, వాడటం ఆపిన కొద్దికాలానికి ఆ బ్యాక్టీరియా సాధారణంగా పేగులో నిలవదు. పెరుగు మీకు సరిపడితే అది తింటే చాలు.

ఈ మార్పులు చేసిన నాలుగు వారాల తర్వాత కూడా విరేచనాలు తగ్గకపోతే జీర్ణకోశ వ్యాధుల నిపుణులను కలవండి. మలంలో రక్తం కనిపించడం, మలం నల్లగా రావడం, నిద్రలోంచి లేచి విరేచనానికి వెళ్లాల్సి రావడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం వంటివి ఉంటే మాత్రం నాలుగు వారాలు ఆగకుండా వెంటనే వెళ్లాలి. సుదీర్ఘ పరుగుల తరువాత రక్తం పడటాన్ని మామూలేనని వదిలేయకూడదు, ఎందుకంటే రక్తప్రసరణ మరీ తగ్గితే పెద్దపేగు గోడకే వాపు రావచ్చు. రక్తహీనత, ఐరన్ నిల్వలు, గోధుమల్లోని గ్లూటెన్ వల్ల వచ్చే సీలియాక్ జబ్బుకు సంబంధించిన రక్తపరీక్షలు, పేగులో వాపు ఉందేమో చూపే మలంలోని కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష సాధారణంగా మొదట చేయిస్తారు. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే కాల్‌ప్రొటెక్టిన్ తప్పుగా ఎక్కువ చూపవచ్చు కనుక, మీరు ఇన్నాళ్లూ ఐబుప్రొఫెన్ వేసుకున్న సంగతిని, చివరిసారి ఎప్పుడు వేసుకున్నదీ డాక్టర్‌కు ముందుగానే చెప్పండి.