హ్యాండ్ క్రీమ్‌లో సెటియరిల్ ఆల్కహాల్ ఉంటే చేతులు పొడిబారతాయా?

పొడిబారవు, పేరులో ఆల్కహాల్ ఉన్నా అది చర్మాన్ని మెత్తబరిచే మైనం లాంటి కొవ్వు పదార్థం. మామూలు గది వేడిలో తెల్లటి గట్టి పలుకులుగా ఉంటుంది, ఆవిరైపోదు. క్రీమ్‌కి చిక్కదనం ఇస్తుంది, నీళ్లూ నూనే విడిపోకుండా సాయపడుతుంది. చేతుల్ని ఆరబెట్టేది శానిటైజర్‌లోని ఇథైల్ ఆల్కహాల్. క్రీమ్ లేబుల్ మీద అయితే అది ‘ఆల్కహాల్ డీనాట్’ అని ఉంటుంది.

ఒక మామూలు లేబుల్ ఇలా ఉంటుంది: నీళ్లు, గ్లిజరిన్, సెటియరిల్ ఆల్కహాల్, డైమెథికోన్, ఫినాక్సీఇథనాల్ (క్రీమ్ పాడవకుండా ఉంచేది), పర్‌ఫ్యూమ్. ఎక్కువ మోతాదులో ఉన్నదే ముందు. 1 శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని చివర్లో ఏ వరసలోనైనా రాయొచ్చు. గ్లిజరిన్ తేమను లాగి పట్టుకుంటుంది, డైమెథికోన్ పైన పొరలా నిలిచి దాన్ని పోనివ్వదు. విశాఖ ఉక్కలో గ్లిజరిన్ ఎక్కువైన క్రీమ్ జిగటగా అంటుకుంటుంది. రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లకి మాత్రం ఆ పైపొర తప్పనిసరి.

క్రీమ్ రాయగానే దురదొస్తే చాలామంది ఆల్కహాల్‌నే తిట్టుకుంటారు. ముందు అనుమానించాల్సింది పర్‌ఫ్యూమ్‌ని, దాని పక్కనే కనిపించే లినలూల్, లిమొనీన్ లాంటి సువాసన పదార్థాలని. వాటితో తేమ చుక్కంత కూడా పెరగదు.