పై షడ్జం దగ్గర ఊపిరి చాలట్లేదు

ప్రశ్న: కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. వర్ణం (సాధనకు పాడే ఒక రకం రచన) మొదటి కాలంలో, అంటే నెమ్మది వేగంలో, పై షడ్జం (పై స్థాయి ‘స’) అందుకునేసరికి ఊపిరి అయిపోయి గొంతు బిగుస్తోంది. ఏం చేయాలి?

జవాబు: పీల్చిన గాలి తక్కువై కాదు, చాలావరకు ముందే ఖర్చయిపోయి. ముందు కూర్చునే తీరు చూసుకోండి. బాసింపట్టులో నడుము వెనక్కి కూలితే పొట్ట నొక్కుకుపోయి, ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండే కండరపు పొర, డయాఫ్రం) కిందికి దిగడానికి చోటుండదు. పిరుదుల కింద 2 అంగుళాల మందాన దుప్పటి మడిచి వేసుకోండి. మోకాళ్లు తుంటికన్నా కిందికి దిగితే వెన్ను తనంతట తానే నిలబడుతుంది.

పీల్చేటప్పుడు భుజాలు లేవకూడదు, కింది పక్కటెముకలు విచ్చుకోవాలి. 4 లెక్కల్లో పీల్చి, ‘స్‌...’ అంటూ 12 లెక్కలు సన్నగా వదలండి. ఎముకలు ఒక్కసారిగా ముడుచుకుపోనివ్వకండి, కిటుకంతా అక్కడే ఉంది. పై స్వరానికి గడ్డం ఎత్తారో, స్వరపేటికా పైకి లేచి గొంతు పట్టేస్తుంది. గొంతు బొంగురు 3 వారాలు దాటితే మాత్రం సాధన ఆపి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి.