ఒక్క తప్పు బటన్ నొక్కిందని బిడ్డతో ఉద్యోగం మాన్పించకండి

అన్నా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు మిర్యాలగూడలో రైస్ మిల్లులో గుమాస్తా. మీ బిడ్డ నల్గొండలో బీకాం కంప్యూటర్స్ చదివి, ఎనిమిది నెలల కింద హైదరాబాద్‌లో మందులు సప్లయ్ చేసే ఒక కంపెనీలో ఐటీ సపోర్ట్‌గా చేరింది. అరవై మంది ఉన్న ఆఫీసులో మెయిళ్లు, ఫైళ్లు, ఫోన్ల సెట్టింగులు అన్నీ తన మీదే పెట్టారు. పోయిన వారం ఒక సేల్స్ అబ్బాయి సొంత ఐఫోన్ ఈమె చేతిమీదుగా మొత్తం చెరిగిపోయింది, అతని కూతురి ఫొటోలతో సహా. అప్పటి నుంచి పిల్ల సరిగ్గా తినట్లేదు, ఇది మానేసి గ్రూప్స్ కోచింగ్‌లో చేరతానంటోంది. మానిపించాలా, అసలు ఇదొక ఉద్యోగమేనా, కంపెనీ యాప్ తన ఫోన్‌లో వేసుకుంటే మన ఇంటి ఫొటోలు వాళ్లకు కనిపిస్తాయా అని అడిగారు.

మానిపించకండి. ఎందుకో చెప్తాను గానీ ముందు ఆ ఫోన్ సంగతి.

ఆ అబ్బాయికి ఇప్పటికీ ఫోన్ చేయకపోతే ఈరోజే చేయమనండి. మెసేజ్ పెట్టి ఊరుకోవద్దు, మాట్లాడాలి. ఐఫోన్‌ను మళ్లీ మొదటి నుంచి సెట్ చేసేటప్పుడు ఐక్లౌడ్ బ్యాకప్ నుంచి తెచ్చుకోవాలా అని అడుగుతుంది. అతను కంగారులో అది దాటేసి ఉంటే ఫోన్‌ను ఇంకోసారి రీసెట్ చేసి ఆ మెట్టు దగ్గరికి వెళ్లొచ్చు. ఐక్లౌడ్ ఫొటోలు ఆన్‌లో ఉండి ఉంటే అతని ఆపిల్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే ఫొటోలు తిరిగొస్తాయి. వాట్సాప్ బ్యాకప్ కూడా ఐక్లౌడ్‌లో ఉందేమో చూడాలి. ఏదీ ఆన్ చేసుకోకపోతే మాత్రం పోయినవి పోయినట్టే, ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి. తర్వాత మేనేజర్‌కు ఏం జరిగింది, ఎన్ని గంటలకు, ఏ బటన్ అని నాలుగు లైన్లు రాసి పంపాలి. తప్పు ఒప్పుకుని కాగితం మీద పెట్టినవాళ్లనే ఈ పనిలో నమ్ముతారు.

ఇప్పుడు ఆ బటన్ సంగతి బిడ్డకే నేరుగా చెప్తాను. అమ్మా, ఫోన్లను, కంప్యూటర్లను ఆఫీసు నుంచే చూసుకునే మైక్రోసాఫ్ట్ సాధనం ఇన్‌ట్యూన్‌లో రిటైర్, వైప్ అనే బటన్లు పక్కపక్కనే ఉంటాయి. రిటైర్ నొక్కితే ఆఫీసు మెయిల్, ఆఫీసు యాప్‌లలోని డేటా, మనం పెట్టిన సెట్టింగులు మాత్రమే పోతాయి, అతని సొంతవి అలాగే ఉంటాయి. వైప్ నొక్కితే ఫోన్ కొత్తగా కొన్నప్పటిలా అయిపోతుంది. వైప్ అనేది కంపెనీ కొనిచ్చిన ఫోన్ పోయినప్పుడు వాడాల్సిన మందు. ఇకముందు ఏది నొక్కే ముందైనా మూడు చూడు: ఓనర్‌షిప్ దగ్గర పర్సనల్ అని ఉందా కార్పొరేట్ అని ఉందా, యూజర్ పేరు, సీరియల్ నంబర్. ఆ మనిషిని ఫోన్‌లో పెట్టుకుని సీరియల్ నంబర్ చివరి నాలుగు అక్షరాలు అతని చేత చదివించుకుని, అప్పుడు నొక్కు. ఒక్క నిమిషం పని. మీ నాన్న మిల్లులో బస్తాలు ఎక్కించేటప్పుడు లారీ నంబర్ రెండోసారి చూసుకోకుండా గేటు దాటనివ్వరు కదా, అంతే జాగ్రత్త.

అసలు సొంత ఐఫోన్‌ను మొత్తంగా ఇన్‌ట్యూన్ అదుపులోకి ఎందుకు తెచ్చారు అనేది నా ప్రశ్న. ఇది బిడ్డ తప్పుకన్నా పెద్ద తప్పు, తను చేరకముందే ఎవరో చేసి వెళ్లి ఉంటారు. సొంత ఫోన్లకు యాప్ ప్రొటెక్షన్ పాలసీ సరిపోతుంది. ఫోన్ జోలికి పోకుండా అవుట్‌లుక్, టీమ్స్ లాంటి యాప్‌లకే పిన్ పెట్టి, అందులోంచి సొంత యాప్‌లలోకి కాపీ చేయకుండా ఆపి, అవసరమైతే ఆ యాప్‌లలోని ఆఫీసు డేటా ఒక్కటే తీసేయొచ్చు. ఈ మార్పు చేద్దామని బిడ్డే మేనేజర్‌కు ప్రతిపాదన పెట్టాలి. పోయిన వారం జరిగినదానికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

అన్నా, ఇంటి ఫొటోల గురించి మీ భయం న్యాయమైనదే, కానీ ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అని ఒకటుంది, 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5 నుంచి ఉంది. ఫోన్‌లో ఆఫీసుకు వేరే గది కట్టినట్టు అనుకోండి. ఆఫీసు యాప్‌ల మీద చిన్న బ్రీఫ్‌కేస్ గుర్తు ఉంటుంది. కంపెనీవాళ్లకు ఆ గదిలో ఉన్నవి, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్ లాంటివి తెలుస్తాయి. మీ ఫొటోలు, మెసేజ్‌లు, మీరు ఎవరికి కాల్ చేశారు, బ్రౌజర్‌లో ఏం చూశారు అనేవి వాళ్లకు కనిపించవు. సాయంత్రం పని అయిపోయాక ఆ ప్రొఫైల్‌ను ఆపేసుకోవచ్చు కూడా, ఆఫీసు నోటిఫికేషన్లు రావు. ఈ నాలుగు ముక్కలు తెలుగులో ఒక పేజీ రాసి ఆఫీసులో అందరికీ ఇవ్వమనండి. సగం మంది కంపెనీ యాప్ వేసుకోకపోవడానికి కారణం మీకున్న భయమే.

క్లౌడ్ వైపు, అంటే ఆఫీసు మెయిళ్లు, ఫైళ్లు ఇంటర్నెట్‌లో ఉండే చోట, మూడు నాలుగు విషయాలు. అమ్మా, రోజూ మెయిల్ చూసుకునే అకౌంట్‌కే గ్లోబల్ అడ్మిన్ హక్కులు, అంటే అన్నిటినీ మార్చగల హక్కులు, ఉంటే వెంటనే విడదియ్యి, అడ్మిన్ పనికి వేరే అకౌంట్ పెట్టుకో, దానికి మల్టీ ఫ్యాక్టర్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు అడగడం, తప్పనిసరి. గ్లోబల్ అడ్మిన్లు అయిదుగురిలోపే ఉండాలని మైక్రోసాఫ్టే చెప్తుంది, అరవై మంది ఆఫీసుకు అందులో సగం చాలు. వీళ్లు కాక అత్యవసరానికి రెండు అకౌంట్లు పక్కన పెట్టి, వాటి వివరాలు లాకర్‌లో ఉంచాలి. ఇది ఎందుకు గట్టిగా చెప్తున్నానంటే, ఈ సలహాల పనిలోకి రాకముందు నేను ఒక కంపెనీలో ఇదే ఉద్యోగం చేశాను, ఒక శుక్రవారం సాయంత్రం కండిషనల్ యాక్సెస్ పాలసీ (ఎవరు ఏ షరతుల మీద లాగిన్ అవ్వొచ్చో చెప్పే నియమం) ఒకటి అందరు యూజర్లకూ పెట్టేసి ఇంటికి బయల్దేరాను, ఆ అందరిలో నేనూ ఉన్నాను, లోపలికి వెళ్లి దాన్ని తీసేయడానికి ఒక్క అడ్మిన్ అకౌంట్ కూడా మిగల్లేదు. సపోర్ట్‌వాళ్లు మేం ఎవరమో తేల్చుకుని తలుపు తెరిచేసరికి రెండు రోజులు పట్టింది, ఆ రెండు రోజులు నేను నిద్రపోలేదు. పాలసీని ముందు రిపోర్ట్ ఓన్లీలో, అంటే ఎవరినీ ఆపకుండా ఏం జరుగుతుందో మాత్రం చూపించేలా, పెట్టి చూడాలి, తర్వాత ముగ్గురు నలుగురున్న టెస్ట్ గ్రూప్‌కు ఇవ్వాలి, వారం ఆగి మిగతావాళ్లకు. వారాంతం ముందు రోజు కొత్తదేదీ పెట్టకూడదు.

ఎవరైనా ఉద్యోగం మానేసినప్పుడు చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది, అకౌంట్‌ను నేరుగా డిలీట్ చేసేస్తారు. వరుస ముఖ్యం. ముందు సైన్ ఇన్ బ్లాక్ చేయాలి, అన్ని చోట్లా సైన్ అవుట్ చేయించాలి, ఎందుకంటే బ్లాక్ చేసినా అప్పటికే తెరిచి ఉన్న సెషన్ కాసేపు నడుస్తూనే ఉంటుంది. ఆ తర్వాత లైసెన్స్ ఉండగానే మెయిల్‌బాక్స్‌ను షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా, అంటే మిగతావాళ్లు తెరిచి చూడగలిగే ఉమ్మడి మెయిల్‌బాక్స్‌గా, మార్చాలి. 50 జీబీ లోపు ఉంటే దానికి లైసెన్స్ అక్కర్లేదు, డబ్బు మిగులుతుంది, కానీ అకౌంట్ మాత్రం డిలీట్ చేయకూడదు, చేస్తే మెయిల్‌బాక్స్ కూడా పోతుంది. పొరపాటున డిలీట్ అయితే మైక్రోసాఫ్ట్ 365లో 30 రోజుల్లోపు, గూగుల్ వర్క్‌స్పేస్‌లో అయితే 20 రోజుల్లోపు వెనక్కి తెచ్చుకోవచ్చు, ఆ గడువులు గోడ మీద రాసి పెట్టుకో. ఫైళ్లు దాచుకునే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌లో డిలీట్ చేసిన ఫైల్ ఆఫీసు అకౌంట్‌లో 93 రోజులు రీసైకిల్ బిన్‌లో ఉంటుంది, కాబట్టి ఎవరైనా ఏడుస్తూ వస్తే ముందు అక్కడ వెతుకు.

కొత్త ఫోన్ కొనేవాళ్లు కూడా నీ దగ్గరికే వస్తారు. పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేసి, ఆ రెండో రుజువు చూపించే ఆథెంటికేటర్ యాప్ పోయి, లాగిన్ అవ్వలేక వస్తారు. అప్పుడు మల్టీ ఫ్యాక్టర్ తీసేయొద్దు. టెంపరరీ యాక్సెస్ పాస్ అనే తాత్కాలిక కోడ్ ఇస్తే అది కాసేపు మాత్రం పనిచేస్తుంది, దాంతో లోపలికి వెళ్లి కొత్త ఫోన్‌లో రిజిస్టర్ చేసుకుంటారు. ఫోన్‌లో అడిగినవాళ్లకు మాత్రం గొంతు గుర్తుపట్టి ఇవ్వకు, వీడియో కాల్‌లో మొహం చూసి ఇవ్వు.

ఇక ఇది ఉద్యోగమేనా అన్నారు కదా అన్నా. ఉద్యోగమే, పేరున్న ఉద్యోగం, ఎండ్‌పాయింట్ అడ్మినిస్ట్రేటర్ అంటారు, ఎండ్‌పాయింట్ అంటే ఉద్యోగుల చేతుల్లోని ఫోన్లు, కంప్యూటర్లు. మైక్రోసాఫ్ట్ ఇదే పేరుతో సర్టిఫికెట్ ఇస్తుంది, పరీక్ష కోడ్ ఎండీ-102. దాని తర్వాతి మెట్టు ఎమ్మెస్-102, మైక్రోసాఫ్ట్ 365 మొత్తాన్ని చూసుకునే అడ్మిన్ల పరీక్ష. పాఠాలు మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ఉచితం, సర్టిఫికెట్‌ను ఏడాదికోసారి ఆన్‌లైన్‌లో ఉచితంగానే రెన్యూ చేసుకోవచ్చు. కాబట్టి అమీర్‌పేటలో ఎవరో ప్యాకేజీ అన్నారని వేలకు వేలు కట్టకండి, పరీక్ష ఫీజుకు దాచండి. బీటెక్ లేదని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. లెక్కలు చదివిన పిల్లకు, ఎవరికి ఏ హక్కు ఇచ్చాం, ఎప్పుడు వెనక్కి తీసుకున్నాం అని పద్దు రాసుకునే అలవాటు త్వరగా వస్తుంది, ఈ పనికి అదే కావాలి. నల్గొండలో 2023 అక్టోబర్ 2న ఐటీ టవర్ తెరిచారు, అదే ఏడాది మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలోనూ తెరిచారు. వాటినొక్కటే నమ్ముకుని కూర్చోమనను, కానీ మన జిల్లాల్లో ఆసుపత్రులు, స్కూళ్లు, మీరు పనిచేసే మిల్లుల లాంటివి కూడా మెయిళ్లు, ఫైళ్లు క్లౌడ్‌లోకి మార్చుకుంటున్నాయి, వాటిని చూసుకునే మనిషి కావాలి.

గ్రూప్స్ మీద నాకు చిన్నచూపు లేదు. కోరిక ఉండి రాసేవాళ్లు రాయాలి. మీ బిడ్డ మాత్రం భయంతో పారిపోయి రాస్తానంటోంది, భయంతో మొదలుపెట్టిన కోచింగ్‌లో రెండేళ్లు పోగొట్టుకున్న పిల్లలను నా ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడాను, అందుకే వద్దంటున్నాను. ఆర్నెల్లు ఆగండి. ఈలోపు ఎండీ-102 రాయనివ్వండి. అప్పటికీ గ్రూప్సే కావాలంటే చేతిలో ఒక పని నేర్చుకున్న పిల్లగా వెళ్తుంది.

ఇన్‌ట్యూన్ 30 రోజుల ట్రయల్ ఉచితంగా ఇస్తారు, ఆఫీసు సిస్టమ్ ముట్టుకోకుండా ఇంట్లోనే అన్నీ నొక్కి చూడొచ్చు, రిటైర్, వైప్ రెండూ. మీ ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్ ఉంటే చార్జింగ్ పెట్టి, అందులోని ఫొటోలు వేరేచోటికి తీసుకుని ఉంచండి. ఈ ఆదివారం తను ఇంటికి వచ్చినప్పుడు దాని మీదే మొదలుపెట్టమనండి.