గ్రీకు ట్రాజెడీని ‘విషాదాంతం’ అనవచ్చా?

సందేహం: డిగ్రీ పిల్లలకు గ్రీకు నాటకాల పాఠం చెబుతూ ‘ట్రాజెడీ’ అంటే ‘విషాదాంత నాటకం’ అని రాయించాను. “యూరిపిడీస్ రాసిన ఇఫిజీనియా కథ సుఖంగానే ముగిసింది కదా మేడం, దాన్నీ అలాగే అనాలా?” అని ఒక అమ్మాయి అడిగింది. ఏ మాట సరైనది?
– ఒక అధ్యాపకురాలు

సమాధానం: మీ విద్యార్థిని అడిగింది చాలా మంచి ప్రశ్న. ‘విషాదాంతం’ బహువ్రీహి సమాసం: విషాదం అంతమందు గలది. అంటే ఆ మాట ముగింపు గురించే చెబుతుంది. ‘బాలుడి అదృశ్యం విషాదాంతం’ అని పత్రికలు రాసేది ఆ అర్థంలోనే. అందులో తప్పేమీ లేదు.

గ్రీకులు మాత్రం ముగింపును బట్టి ఆ పేరు పెట్టలేదు. ఏథెన్స్‌లో మద్యదేవుడు డయోనిసస్ ఉత్సవాల పోటీకి ఒక్కో కవి మూడు ట్రాజెడీలు, వాటి వెనక ఒక సాటిర్ నాటకం (పురాణకథ మీద అల్లిన హాస్య నాటకం) ఇచ్చేవాడు. దేవతలు, వీరులు, రాజవంశాల మీద పడిన ఘోరమైన ఆపదలు ట్రాజెడీలకు వస్తువు. ఆ ఆపద గడిచి గట్టెక్కినా అది ట్రాజెడీయే.

ఇఫిజీనియానే చూడండి. ఆమె పరాయి దేశంలో, గుడిలో పూజారిణి. అక్కడికి వచ్చిన గ్రీకులను బలికి సిద్ధం చేయడం ఆమె పని. పట్టుబడిన ఇద్దరిలో ఒకడి చేతికి ఇంటికి రాసిన ఉత్తరం ఇస్తూ, దారిలో పోతే ఎలా అని అందులోని మాటలు పైకి చెబుతుంది. రెండోవాడు ఒరెస్టీస్, ఆమె సొంత తమ్ముడు. తాను బలికి సిద్ధం చేయాల్సినవాడు తమ్ముడని ఆమెకు తెలిసేది అప్పుడే. ఆ తర్వాత వాళ్లు ఓడలో తప్పించుకుంటారు. తెలియక చేయబోయిన ఘోరం చివరి క్షణంలో ఆగిపోయే ఈ తరహా కల్పనను అరిస్టాటిల్ ఎంతో మెచ్చుకున్నాడు. జాలి, భయం కలిగించాలన్నది ఆయన పెట్టిన ముఖ్య లక్షణం. మన పరిభాషలో కరుణ, భయానకాలకు దగ్గరి భావాలివి. ఆ ఉత్తరం ఘట్టంలో రెండూ నిండుగా ఉన్నాయి.

క్రీ.పూ. 458లో ఆడిన ఎస్కిలస్ ‘యూమెనిడీస్’ కూడా అంతే. తల్లిని చంపిన ఒరెస్టీస్ ఏథెన్స్ న్యాయసభలో విడుదలవుతాడు. అతన్ని వెంటాడిన పగదేవతలు శాంతించి ఆ నగరానికే రక్షకులవుతారు. సోఫోక్లీస్ ‘ఫిలోక్టెటీస్’లోనూ చావుతో తెర పడదు.

కాబట్టి ఈ ప్రక్రియ మొత్తానికి ‘విషాద నాటకం’ అనండి. ‘ట్రాజెడీ’ అని రాసినా అభ్యంతరం లేదు. తెలుగువాళ్లకు అది కొత్త మాట కాదు. తెలుగులో తొలి ట్రాజెడీగా పేరున్న నాటకానికి ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘విషాద సారంగధర’ అనే పేరు పెట్టారు గానీ ‘విషాదాంత సారంగధర’ అనలేదు. నా మనసుకు ఆ పేరే బాగా నచ్చుతుంది, ఎందుకంటే అది ముగింపును ముందే చెప్పేయదు. అలాగే ‘ట్రాజిక్ హీరో’కు ‘విషాద నాయకుడు’ చక్కగా సరిపోతుంది.

అలాగని మీ నోట్సులోంచి ‘విషాదాంతం’ పూర్తిగా కొట్టేయకండి. కన్నతండ్రిని చంపింది తానేనని తెలిసి కళ్లు పొడుచుకున్న ఈడిపస్ కథకు, ఒకరి వెంట ఒకరు ప్రాణాలు తీసుకునే ‘యాంటిగొనీ’కి ఆ మాట అక్షరాలా వర్తిస్తుంది.