పసుపు గోడ ఎందుకు చారలు కడుతుంది?

మా హాల్లో టీవీ వెనక గోడ ఇదివరకు లేత ఆకుపచ్చ. దాని మీదే నిమ్మపండు రంగు రెండు కోట్లు వేయించాం. పగటిపూట చారలు చారలుగా, ఆకుపచ్చ ఛాయతో కనిపిస్తోంది. రంగే నాసిరకమని పెయింటర్ అంటున్నాడు. నిజమేనా? – ఒక పాఠకురాలు, రాజమండ్రి

రంగు తప్పేమీ కాదండీ. లేత రంగుల్లో టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి బాగా ఉంటుంది. అడుగున ఉన్నదాన్ని కప్పేసేది అదే. చిక్కటి పసుపు రావాలంటే ఆ తెలుపు చాలా తక్కువగా ఉన్న డబ్బాలోనే షాపువాళ్లు మిషన్‌తో రంగు కలుపుతారు. అందుకే పల్చటి వాయిల్ చీరలోంచి లంగా రంగు తెలిసిపోయినట్టు, పాత ఆకుపచ్చ పైకి తెలుస్తోంది. రోలర్ రెండుసార్లు తిరిగినచోట చిక్కగా, ఒక్కసారే తిరిగినచోట పల్చగా పడింది. ఆ తేడానే చారలు.

ఇప్పుడు అదే రంగు మూడో కోటు, నాలుగో కోటు వేయించి డబ్బు పోగొట్టుకోవద్దు. 220 నంబరు ఉప్పు కాగితంతో గోడను తేలిగ్గా రుద్ది, దుమ్మును తడిగుడ్డతో తుడవండి. రంగుకు ముందు అడుగున వేసే తెల్ల వాటర్ ప్రైమర్ ఒక కోటు వేయించండి. ఆరాక ఆకుపచ్చ ఇంకా తొంగిచూస్తుంటే మరో కోటు. ఆ తర్వాతిదే అసలు కిటుకు: షేడ్ కార్డులో మీ పసుపు ఉన్న పట్టీలోనే రెండు మెట్లు లేతది ఒక కోటు వేయాలి. దాంట్లో తెలుపు ఎక్కువ కాబట్టి బాగా కప్పుతుంది. దానిపైన మీరు కోరుకున్న పసుపు రెండు కోట్లు. కోటుకీ కోటుకీ మధ్య కనీసం నాలుగైదు గంటలు, వానాకాలమైతే ఒక రాత్రి ఆగాలి.

10 అడుగుల ఎత్తు, 12 అడుగుల వెడల్పు గోడ అంటే 120 చదరపు అడుగులు. నున్నటి లప్పం గోడ మీద లీటరు ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) ఒక కోటుకు సుమారు 200 నుంచి 250 చదరపు అడుగులు వస్తుంది. రెండు కోట్లకు లీటరు అంచు మీద ఉంటుంది కనుక రెండు లీటర్లు కొనండి. రెండు డబ్బాలనూ ముందే ఒకే బకెట్లో పోసి కలపాలి. డబ్బాకీ డబ్బాకీ చిన్న తేడా ఉన్నా గోడ మధ్యలో పట్టిస్తుంది. నీళ్లు డబ్బా మీద రాసినంతే, కొలిచి పోయించండి. ఉజ్జాయింపుగా పోస్తే అసలే కప్పని రంగు ఇంకా పల్చబడుతుంది. వేసేటప్పుడు ఫ్యాను ఆపేసి, ఒక మూల నుంచి రెండో మూల దాకా తడి ఆరకముందే వెళ్లిపోవాలి. సగంలో టీకి లేస్తే అక్కడ గీత ఖాయం.

మా 10×10 పడకగదిలో నాలుగు గోడలకీ మంచి పసుపు వేయిద్దామనుకుంటున్నాం. – ఒక పాఠకుడు, హైదరాబాద్

వద్దు. ఎదురెదురు పసుపు గోడలు ఒకదాని రంగు మరొకదాని మీదకి విసురుకుంటాయి. కార్డు మీద ముచ్చటగా ఉన్నది గదిలో కళ్లకు గుచ్చుకుంటుంది. ముదురు పసుపు మంచం తలవైపు గోడకు మాత్రం చాలు, పడుకున్నప్పుడు అది కంటికి ఎదురుగా ఉండదు. మిగతా మూడూ, సీలింగూ తెలుపు.

ముందుగా 2×2 అడుగుల అట్ట మీద రెండు కోట్లు వేసి, పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద గోడకు ఆనించి చూడండి. 6500 కెల్విన్ (వెలుగు ఛాయకు కొలత, లైటు పెట్టె మీద ఉంటుంది) తెల్ల ట్యూబులైటు కింద నిమ్మ పసుపు ఆకుపచ్చకు తిరుగుతుంది. 3000 కెల్విన్ పసుపు వెలుగు బల్బు కింద అదే రంగు మామిడిపండు వైపు జరుగుతుంది. చాలాసార్లు మార్చాల్సింది లైటునే.

ఊళ్లో పాత ఇంటికి సున్నం వేస్తున్నాం. అందులో వంటింటి పసుపు కలపొచ్చా? – ఒక పాఠకురాలు, నల్గొండ జిల్లా

కలిపితే ఎర్రబడుతుంది. కాళ్లకు రాసే పారాణి అలా తయారయ్యేదే కదా! షాపులో పసుపు ఆక్సైడ్ పొడి అడగండి. అది ఇనుముకు సంబంధించిన రంగు, సున్నం దాన్ని చెడగొట్టదు. రాత్రి నీళ్లలో నానబెట్టి, గుడ్డలో వడకట్టి కలపాలి. 10 కిలోల సున్నానికి కిలో మించితే గోడ తాకినప్పుడల్లా చేతికి అంటుతుంది. తడిమీద ముదురుగా కనిపించి, ఆరాక బాగా లేతబడుతుంది. కాబట్టి పెరటి గోడ మీద ఒక జానెడు వేసి, మర్నాడు చూసి పాళ్లు తేల్చుకోండి.

పసిపాప గదికి పసుపు రంగు ప్రమాదమా? – ఒక పాఠకురాలు, విజయవాడ

పసుపు కాదు, అందులో సీసం ఉంటేనే ప్రమాదం. కొత్త రంగుల సంగతైతే, మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి ఇంటి పెయింట్లలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదు. డబ్బా మీద ఆ మాట ఉందో లేదో చూసి కొనండి. జాగ్రత్త పడాల్సింది పాత తలుపులు, గడపల మీది పసుపు ఎనామిల్ (మెరిసే ఆయిల్ పెయింట్) గురించి. ఒకప్పటి ముదురు పసుపుకు సీసం కలిసిన రంగుపొడులు వాడేవారు. దాన్ని పొడిగా గీకించవద్దు. తడుపుతూ వాటర్ పేపర్‌తో (తడిలో రుద్దే ఉప్పు కాగితం) రుద్దించి, రాలిన ముద్దను కాగితంలో ఎత్తి పారేయండి. ఆ పని ముగిసి నేలంతా తడిగుడ్డతో తుడిచేదాకా పాపనూ, ఇంట్లో గర్భిణులుంటే వాళ్లనూ ఆ ఇంట్లో ఉంచకండి.