జ్వరం రాకముందే జీపీ (ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు రాయించుకోండి

చెల్లెమ్మా, "మూడేళ్ల వీసాకి ఇద్దరికీ కలిపి హెల్త్ సర్‌ఛార్జీయే 6,210 పౌండ్లు కట్టాం. ఇంత కట్టాక ఇంగ్లండ్‌లో వైద్యం నిజంగా ఉచితమేనా అన్నయ్యా?" అని పలాస నుంచి అడిగావు.

ఈ సర్‌ఛార్జీ అంటే వీసాతో పాటే ఇక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందుగా కట్టే రుసుము. పెద్దవాళ్లకు మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు, నీ లెక్క సరిపోయింది. అది కట్టాక కాన్పుకైనా, ఆపరేషన్‌కైనా, ఐసీయూకైనా బిల్లు రాదు. ఐవీఎఫ్ లాంటివి మాత్రం అందులో రావు. మందులకు ఒక్కో ఐటమ్‌కు 9.90 పౌండ్లు. గర్భిణులకు, బిడ్డ పుట్టాక ఏడాది వరకు అదీ ఉండదు. పళ్లకి, కళ్లజోళ్లకి ఖర్చు వేరే.

మాది కవిటి దగ్గర పల్లె. మా నాన్న కిడ్నీలు పాడైన రోజుల్లో పలాసలో ఇప్పుడున్న కిడ్నీ ఆస్పత్రి లేదు. వారానికి రెండుసార్లు సోంపేటలో రైలెక్కి విశాఖ వెళ్లి డయాలసిస్ చేయించుకొచ్చేవాళ్లం. తిరుగు రైల్లో నాన్న సూదులు గుచ్చిన చేతిని తువ్వాలుతో కప్పుకుని, "ఈ నెలకెంతయిందిరా?" అని అడిగేవాడు. నొప్పి సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. ముందు జీడితోట పోయింది, తర్వాత కొబ్బరితోటలో సగం.

ఇక్కడ మా ఆవిడకు సిజేరియన్ అయ్యాక డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టారు. డబ్బులెక్కడ కట్టాలని అడిగాను. నర్సుకి నా ప్రశ్నే అర్థం కాలేదు. బిడ్డకి కారు సీటు తెచ్చారా అని అడిగింది, అంతే. ఆ రోజు నాన్న ఎంత గుర్తొచ్చాడో చెప్పలేను.

అయితే ఎదురుచూపు మామూలుగా ఉండదు. నాకు పిత్తాశయంలో రాళ్లని తేలాక ఆపరేషన్‌కి పదకొండు నెలలు పట్టింది. 18 వారాల్లో చికిత్స మొదలవ్వాలన్నది ఇక్కడి ప్రభుత్వ వైద్య వ్యవస్థ పెట్టుకున్న లక్ష్యమే, కానీ 2016 నుంచి దేశం మొత్తం మీద దాన్ని అందుకోలేకపోతున్నారు. రాత్రిళ్లు నొప్పితో మెలికలు తిరుగుతూ, శ్రీకాకుళంలో అయితే పొద్దున స్కానింగ్, సాయంత్రం సర్జన్ అయిపోయేది కదా అనుకునేవాణ్ణి. నీకూ ఆ కోపం వస్తుంది. ఇక్కడ వరస డబ్బును బట్టి కాదు, జబ్బు తీవ్రతను బట్టి. ప్రాణం మీదికొస్తే 999కి ఫోన్ చెయ్యి, వెంటనే చూస్తారు. ఏం చెయ్యాలో తోచకపోతే 111.

మన దగ్గరలా నేరుగా స్పెషలిస్టు దగ్గరికి వెళ్లడం కుదరదు. ముందు జీపీ చూసి, అవసరమైతే రాసి పంపాలి. అందుకే దిగిన వారంలోనే దగ్గర్లోని జీపీ దగ్గర ఇద్దరూ రిజిస్టర్ అవ్వండి. అడ్రస్ ప్రూఫ్ లేదని వెనక్కి పంపితే, అది తప్పనిసరి కాదని మర్యాదగా చెప్పు. జలుబుకి, జ్వరానికి యాంటీబయాటిక్ రాయరు. పారాసిటమాల్ వేసుకోమంటారు. టెన్షన్ పడకు.

ఇంకొకటి, నువ్వు అడగలేదు గాని చెప్పాలి. కాన్పుకి అమ్మని రప్పించుకుంటానన్నావు. విజిటర్ వీసా మీద వచ్చేవాళ్లకి ఈ సర్‌ఛార్జీ ఉండదు, ఈ ఉచితమూ ఉండదు. ఎమర్జెన్సీలో చూసినంతవరకు డబ్బు అడగరు. వార్డులో చేర్చుకున్నారంటే మాత్రం అసలు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా అమ్మని విమానం ఎక్కించకు. పాలసీ తీసుకునేటప్పుడు ఆవిడ బీపీ, షుగర్ దాచకుండా రాయించు. మనది కిడ్నీ జబ్బులు ఎక్కువుండే ఉద్దానం కాబట్టి, బయల్దేరే ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించు.