కత్తి పట్టినవాడికి పదిహేడేళ్లు: కేసు ఎంతవరకు వెళ్తుంది?

ప్రశ్న: మాది విశాఖపట్నం, కంచరపాలెం. మా పెద్దబ్బాయి డిగ్రీ ఆఖరి సంవత్సరం. నెల కిందట రాత్రి తొమ్మిదిన్నరకి ఇంటికొస్తుంటే రెండు బైకుల మీద వచ్చిన నలుగురు అడ్డగించి, మాటా మాటా పెరిగి కడుపులో పొడిచేశారు. కేజీహెచ్‌లో పదకొండు రోజులు ఉన్నాడు. ఇప్పటికీ కాలేజీకి వెళ్లలేకపోతున్నాడు. పొడిచిన గుంటడికి పదిహేడేళ్లట. మరో ఇద్దరికి పదహారు, పదిహేను. నాలుగోవాడికి పంతొమ్మిది, కత్తి అతనిదే అంటున్నారు. అతను అడవివరం జైల్లో ఉన్నాడు. పొడిచినవాడు మాత్రం తొమ్మిదో రోజుకి ఇంటికొచ్చి మా గుమ్మం ముందే తిరుగుతున్నాడు. ఇదెక్కడి చట్టం సార్? వాడిని పెద్దవాళ్ల కోర్టులో నిలబెట్టలేమా? వాడి వయసు మీదే నాకు అనుమానం. పక్క షాపు కెమెరా వీడియో నా దగ్గరుంది, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయమంటున్నారు. కన్నవాళ్ల మీద కేసు ఉండదా? ఎఫ్ఐఆర్‌లో బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 109, 3(5) అని ఉంది. అన్నట్టు, ఆ రాత్రి నుంచి మా వాడి ఫోను కూడా కనబడటం లేదు.
— ఒక తండ్రి

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీరు ‘అన్నట్టు’ అని ఆఖర్న తగిలించిన ఫోను సంగతే ఈ కేసులో అన్నిటికంటే బరువైనది కావచ్చు. అక్కడికి వస్తాను. ముందు మీ గుమ్మం ముందు తిరుగుతున్న కుర్రాడి విషయం, ఎందుకంటే మీకు నిద్ర పట్టనివ్వనిది అదే.

పద్దెనిమిది నిండనివాళ్ల బెయిలు విషయంలో లెక్క తిరగబడి ఉంటుంది. పెద్దవాళ్లకైతే బెయిలు ఎందుకివ్వాలో మేం వకీళ్లం వాదించుకోవాలి. పిల్లలకైతే ఎందుకివ్వకూడదో వాళ్ల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు కారణం రాయాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ఇందుకు మూడే కారణాలు ఒప్పుకుంటుంది: బయటికొస్తే తెలిసిన నేరస్తుల సావాసంలో పడతాడని, అతనికే ఏదో ఒక ప్రమాదం ఉందని, లేదా న్యాయం జరగడానికే అడ్డం వస్తుందని. నేరం ఎంత ఘోరమైనదనే మాట ఆ మూడింటిలో లేదు. కాబట్టి తొమ్మిదో రోజున ఇంటికొచ్చాడంటే ఎవరో చేతులు తడిపారని అనుకోనక్కర్లేదు.

అలాగని మీరు చేతులు ముడుచుకుని కూర్చోవాలనీ కాదు. వీధిలో నడవడం వేరు, బెదిరించడం వేరు. కళ్లెర్రజేసినా, రాజీకి రమ్మని ఎవరినైనా పంపినా తారీఖు, టైము, చూసినవాళ్ల పేరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు జతచేసి బోర్డులో పిటిషన్ వేయించండి. కేసు నడిచినంత కాలం వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉంచాలనీ, ప్రొబేషన్ ఆఫీసరు కనిపెట్టి ఉండాలనీ షరతులు పెట్టమని అడగండి. నా అనుభవంలో ‘బెయిలు రద్దు చేయండి’ అన్న పిటిషన్ కంటే ఇలాంటి పిటిషన్‌కే బోర్డు త్వరగా స్పందిస్తుంది.

ఇక పెద్దవాళ్ల కోర్టు సంగతి. 1986 చట్టంలో మగపిల్లలకు బాల్యం పదహారుతోనే అయిపోయేది. 2000 చట్టం దాన్ని పద్దెనిమిదికి పెంచింది. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో జరిగిన నిర్భయ ఘోరంలో ఒక నిందితుడు పద్దెనిమిది నిండనివాడు. 2013 ఆగస్టులో అతనికి మూడేళ్ల స్పెషల్ హోమ్ (తప్పు రుజువైన పిల్లలను ఉంచే చోటు) పడింది, 2015 డిసెంబరులో బయటికొచ్చాడు. దేశమంతా భగ్గుమంది. వయసు తగ్గించనక్కర్లేదని, ఆ ఘోరం తర్వాత కేంద్రం వేసిన జస్టిస్ వర్మ కమిటీ 2013లోనే చెప్పింది, అయినా పార్లమెంటు ఒక మధ్యేమార్గం పట్టింది. 2016 జనవరి 15 నుంచి అమలైన కొత్త చట్టంలో పదహారు నిండినవాడు ‘అతి ఘోరమైన’ నేరం చేస్తే, బోర్డు ప్రాథమిక అంచనా వేసి, అవసరమనుకుంటే పిల్లల కోర్టుకు, అంటే అందుకు కేటాయించిన సెషన్స్ కోర్టుకు, పంపవచ్చు. మీ కేసులో పదిహేనేళ్లవాడు ఈ లెక్కలోకే రాడు. పదహారువాడికి ఘటన రోజు నాటికి పదహారు నిండాయా లేదా అన్నది పుట్టినతేదీ తేల్చాలి.

మీ వీధిలో చర్చించుకుంటున్నవాళ్లకు తెలియని మెలిక ఇక్కడుంది. ‘అతి ఘోరం’ అంటే కడుపులో పొడవడం కాదు, రక్తం పారడం కాదు. ఆ నేరానికి చట్టంలో కనీస శిక్ష ఏడేళ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉందా అన్నదే చూస్తారు. హత్యకు ఉంది. మీ ఎఫ్ఐఆర్‌లో ఉన్న 3(5) అంటే అందరూ ఒకే ఉద్దేశంతో కలిసి చేశారని, 109 అంటే హత్యాయత్నం. దానికి పదేళ్ల వరకు, గాయమైతే యావజ్జీవం వరకు కూడా వేయవచ్చు. కానీ ‘ఇంతకు తగ్గకూడదు’ అన్న మాట అందులో లేదు. గరిష్ఠం ఏడేళ్లు దాటి, కనీసం లేని నేరాలు ‘అతి ఘోరం’ కిందికి రావని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2021 సవరణలో పార్లమెంటు వాటిని ‘తీవ్ర’ నేరాల పద్దులో చేర్చింది. కాబట్టి 109 ఒక్కదాని మీదే అయితే పదిహేడేళ్లవాడి కేసు బోర్డు దాటి పోదు. తప్పు రుజువైతే గరిష్ఠంగా మూడేళ్లు స్పెషల్ హోమ్.

ఈ కొలబద్ద నాకూ మింగుడుపడదు. ఏజెన్సీ నుంచి గంజాయి సంచి మోయించడానికి మన జిల్లాల కుర్రాళ్లను వాడుకోవడం మీరూ వినే ఉంటారు. ఆ సంచిలో ఇరవై కిలోలు దాటితే కనీస శిక్ష పదేళ్లు. అంటే బస్సు టిక్కెట్టుకీ బిర్యానీకీ ఆశపడి సంచి మోసిన పదిహేడేళ్లవాడిని పిల్లల కోర్టుకు పంపవచ్చు, మీవాడి కడుపులో కత్తి దింపినవాడిని పంపలేరు. ‘వయసు తగ్గించాలి, వయసు తగ్గించాలి’ అని టీవీల్లో గొంతు చించుకునేవాళ్లు ఒక్కరైనా ఈ ముక్క ఎత్తరు. తగ్గించమని అడగాల్సింది వయసు కాదనీ, సవరించమని అడగాల్సింది ఈ కనీస శిక్ష కొలతనీ నా అభిప్రాయం.

ఇప్పుడు ఫోను. దోపిడీ చేస్తూ మారణాయుధం వాడినా, తీవ్రంగా గాయపరిచినా బీఎన్ఎస్ 311 ప్రకారం శిక్ష ఏడేళ్లకు తగ్గకూడదు. కనీసం ఏడేళ్లు, అంటే ‘అతి ఘోరం’. ఆ రాత్రి వాళ్లు అడ్డగించింది ఫోను లాక్కోవడానికా? లాక్కోబోతే మీవాడు వదలకపోవడంతో పొడిచారా? లేక గొడవలో ఫోను కింద పడితే తర్వాత ఎవరో తీసుకుపోయారా? మొదటి రెండూ అయితే దోపిడీ. మూడోది అయితే కాదు. మీరూ, నేనూ కూర్చుని కథ అల్లే విషయం కాదిది. మీ అబ్బాయినొక్కణ్నీ కూర్చోబెట్టి, ఏమీ అందించకుండా, ఏం జరిగిందో చెప్పనివ్వండి. నిజంగా లాక్కున్నారని చెప్తే ఆలస్యం చేయకుండా దర్యాప్తు అధికారికి అనుబంధ వాంగ్మూలం ఇప్పించండి. వీలైతే మేజిస్ట్రేటు ముందు కూడా. ఫోను బిల్లు, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) ఇవ్వండి. నెల తర్వాత గుర్తొచ్చిందేమని అవతలి వకీలు అడుగుతాడు, తప్పదు. కడుపుకి కుట్లతో పడుకున్నవాడికి ఫోను గుర్తురాకపోవడం సహజమే. మూణ్నెల్లకి గుర్తొస్తే మాత్రం ఎవరూ నమ్మరు. ఇంకో సంగతి, 311 ఆయుధం వాడినవాడికే వర్తిస్తుంది, పక్కన నిలబడ్డవాళ్లందరికీ కాదు.

అప్పుడైనా దారి నేరుగా ఉండదు. ఆ నేరం చేయగల మానసిక, శారీరక స్థితి ఉందా, పర్యవసానం తెలుసా, ఏ పరిస్థితుల్లో చేశాడు అన్నవి బోర్డు చూస్తుంది. మానసిక నిపుణుల సాయం తీసుకుంటుంది. పంపనక్కర్లేదని తేలిస్తే 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు వేసుకోవచ్చు. పంపితే, తప్పు రుజువైతే, ఇరవయ్యొకటో ఏడు వచ్చేదాకా జైలు కాదు, ‘ప్లేస్ ఆఫ్ సేఫ్టీ’ అనే చోటే. ఆ తర్వాత అతను మారాడా లేదా చూసి విడుదలో, మిగిలిన శిక్షకు జైలో తేలుస్తారు. ఉరి ఎట్టి పరిస్థితిలోనూ లేదు. విడుదలకు వీల్లేని యావజ్జీవమూ లేదు. మీ వీధివాళ్లకు ఈ మాట చెప్పండి, సగం వేడి అక్కడే తగ్గుతుంది.

వయసు మీద అనుమానం ఉందన్నారు. ‘చూస్తే ఇరవై ఉన్నట్టున్నాడు’ అంటే బోర్డు వినదు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్‌లో వరస ఉంది: ముందు బడి సర్టిఫికెట్టు లేదా పదో తరగతిది, అది లేకపోతే కార్పొరేషన్, మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, అవేవీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఆ వరసలోనే లేదు. అతను చదివిన బడి తెలిస్తే అడ్మిషన్ రిజిస్టరు తెప్పించమని పిటిషన్ వేయించండి. చూడాల్సింది ఘటన రోజున ఎంత వయసన్నదే. పద్దెనిమిదికి ఒక్క రోజు తక్కువైనా బోర్డే.

పంతొమ్మిదేళ్లవాడి మీద మీరు పెద్దగా కోపం పెట్టుకున్నట్టు లేదు, జైల్లో ఉన్నాడు కాబట్టి కావచ్చు. నేనైతే మొదట అతని మీదే దృష్టి పెడతాను. కత్తి అతనిదేనన్నారు. పిల్లవాడిని నేరానికి వినియోగించుకున్నవాడికి బీఎన్ఎస్ 95 కింద మూడేళ్లకు తగ్గకుండా పదేళ్ల వరకు శిక్ష ఉంది. ఆ నేరం జరిగితే, తానే చేసినట్టుగా దాని శిక్ష కూడా పడుతుంది. పిల్లలను చట్టవిరుద్ధమైన పనులకు వాడుకునే పెద్దవాళ్ల మీద బాలల న్యాయ చట్టం 83 కూడా ఉంది. మందో గంజాయో ఇచ్చి పంపాడని తేలితే 77. ఎఫ్ఐఆర్‌లో వీటిలో ఒక్కటీ లేదు. అవి చేర్చాలని ఏసీపీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, రసీదు తీసుకోండి. కత్తి ఎవరు కొన్నారు, ముందు ఫోన్లలో ఏం మాట్లాడుకున్నారు అన్నవి ఇప్పుడే తీయకపోతే తర్వాత దొరకవు. ‘బ్లేడ్ బ్యాచ్’ అంటూ పేపర్లలో కుర్రాళ్ల గురించే రాస్తారు, వాళ్ల వెనక ఉన్న పెద్దవాడి మీద సెక్షన్లు పెట్టడం మాత్రం చాలాసార్లు మర్చిపోతారు.

ఈ కేసు రెండుగా చీలుతుందని కూడా గుర్తుంచుకోండి. పెద్దవాడిదీ పిల్లలదీ కలిపి విచారించకూడదు. మీ అబ్బాయి అటు కోర్టులోనూ ఇటు బోర్డులోనూ సాక్ష్యం చెప్పాలి. రెండు చోట్లా మాట ఒకటే ఉండాలి. ఒకచోట ‘ఎడమ వైపు నుంచి వచ్చాడు’, ఇంకోచోట ‘వెనక నుంచి’ అంటే ఆ చిన్న తేడానే పట్టుకుని లాగుతారు.

వీడియో గ్రూపుల్లో పెట్టకండి. పిల్లవాడి మొహం, పేరు, బడి, ఇల్లు, గుర్తుపట్టే ఏ వివరమూ బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్. పెడితే ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. బాధితుడి తండ్రి కాస్తా నిందితుడైపోతాడు. ఎవరికో ఫార్వర్డ్ చేసి ఉంటే ఈ రాత్రికే తీసేయించండి. షాపు డీవీఆర్‌లో పాత రికార్డింగు కొద్ది రోజులకే చెరిగిపోతుంది కాబట్టి అసలు ఉందో లేదో ముందు చూసుకోండి. మీ దగ్గరున్నది ఏ ఫోన్‌లోకి, ఎప్పుడు, ఎవరు తీశారో రాసుకుని పోలీసులకు ఇవ్వండి. కోర్టులో దాని వెంట ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి జతచేసే సర్టిఫికెట్టు ఉండాలి.

కన్నవాళ్ల సంగతి. కొడుకు కత్తి పట్టాడని తండ్రిని జైల్లో పెట్టడం ఉండదు. బోర్డు వాళ్లను జరిమానా కట్టమనవచ్చు, అంతే. కానీ రెండు బైకుల మీద వచ్చారన్నారు కదా. నడిపింది మైనరైతే మోటారు వాహనాల చట్టం 199ఎ ఉంది: బండి యజమానికి లేదా సంరక్షకుడికి మూడేళ్ల వరకు జైలు, ఇరవై అయిదు వేల జరిమానా, ఏడాది రిజిస్ట్రేషన్ రద్దు, ఆ కుర్రాడికి ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా లైసెన్సు లేదు. తనకు తెలియకుండా తీసుకెళ్లాడని నిరూపించుకుంటే తండ్రి తప్పించుకుంటాడనుకోండి. బీచ్ రోడ్డులో రాత్రిపూట చూడండి, ఈ సెక్షన్ ఒకటుందని ఈ ఊరికి గుర్తున్నట్టే ఉండదు.

డబ్బు విషయం మీరు అడగలేదు. మొహమాటపడి ఉంటారు. కేసు తేలకముందే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు బాధితుల పరిహారానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆఫీసు జిల్లా కోర్టులోనే ఉంటుంది. ఫోన్ చేయాలంటే 15100. దర్యాప్తు ఎక్కడిదాకా వచ్చిందో పోలీసులు 90 రోజుల్లోగా మీకు చెప్పి తీరాలి, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్ష సంహిత) 193 ప్రకారం అది మీ హక్కు. దయ కాదు.

ఈ వారం చేయాల్సింది కేజీహెచ్‌కి వెళ్లడం. ఊండ్ సర్టిఫికెట్టులో (గాయాల పత్రంలో) డాక్టరుగారు ‘సింపుల్’ (స్వల్ప గాయం) అని రాశారా, ‘గ్రీవియస్’ (తీవ్ర గాయం) అని రాశారా చూడండి. పదిహేను రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోయినా అది గ్రీవియస్. మీవాడు ఆస్పత్రిలోనే పదకొండు రోజులున్నాడు, ఆ తర్వాత కాలేజీకి వెళ్లలేదు. డిశ్చార్జి కాగితం, తర్వాత చూపించుకున్న ఓపీ చీట్లు, కాలేజీ హాజరు పట్టీ ఒక ఫైల్లో పెట్టి తీసుకురండి.